సుత్తి వంశం, తిత్తి వంశం

బంగారు గనుల ఊరైన మా ఊరిగాంలో మెట్లున్న కరెంటు వాద్యం ఏదైనా ‘క్యాసియో’యే. యమహా తెచ్చినా, రోలాండ్ తెచ్చినా, చూసినవాళ్లు అడిగేది ‘కొత్త క్యాసియోనా?’ అనే. మొన్నొక కుర్రాడు వచ్చాడు. ఆదివారం పొద్దున చర్చిలో వాయిస్తాడు, ముహూర్తాలుంటే పెళ్లి ఆర్కెస్ట్రాలో, జాతరలొస్తే ముళబాగిలు వైపు పల్లెల్లో కురుక్షేత్రం నాటకానికి. ‘‘ఎనభై ఎనిమిది మెట్లది కొనాలన్నా. బరువు మెట్లు ఉండాలి, తాళం కూడా అదే వేసుకోవాలి. ఏది తీసుకోమంటావు?’’ అన్నాడు. ఒక మోడల్ పేరు చెప్పి పంపేయొచ్చు. కానీ అతడు అడిగిన ఆ ఒక్క పెట్టెలో రెండు వంశాలు కాపురం చేస్తున్నాయి. ఒకటి సుత్తి వంశం, రెండోది తిత్తి వంశం. అవి ఒకే కప్పు కిందికి రావడానికి చాలా కాలం పట్టింది. ఇప్పటికీ పూర్తిగా పొసగవు.

సుత్తి అంటే జంధ్యాల సినిమాల్లో సుత్తి కాదు, నిజం సుత్తే. 1700 ప్రాంతంలో ఇటలీలోని ఫ్లోరెన్సులో, మెడిచీ ప్రభువుల కొలువులో వాద్యాలు చేసే బార్తొలొమేయో క్రిస్తొఫోరి దాన్ని మెట్ల కిందికి తెచ్చాడు. అప్పటిదాకా ఉన్న హార్ప్‌సికార్డ్‌లో మెట్టు నొక్కితే చిన్న ములుకు తీగను మీటేది. మెల్లగా నొక్కినా, గుద్దినా ఒకటే మోత. క్రిస్తొఫోరి ములుకు తీసేసి సుత్తి పెట్టాడు. వేలు ఎంత విసురుగా దిగితే సుత్తి అంత విసురుగా తీగను కొట్టి వెంటనే వెనక్కి పడుతుంది. మెల్లగానూ గట్టిగానూ పలుకుతుందని ఇటాలియన్‌లో ‘పియానో ఎ ఫోర్తె’ అన్నారు. వాడుకలో మెల్లగా అన్న సగమే మిగిలింది. ఆయన చేసినవాటిలో మూడు ఇంకా ఉన్నాయి. 1720 నాటిది న్యూయార్కు మెట్రోపాలిటన్ మ్యూజియంలో ఉంది. 1821లో సెబాస్టియన్ ఎరార్, మెట్టు పూర్తిగా పైకి లేవకముందే మళ్లీ కొట్టగలిగే ఏర్పాటు చేశాడు. 19వ శతాబ్దం చివరికి మెట్ల లెక్క 88 దగ్గర నిలిచింది.

నిజానికి మెట్టుకు బరువు ఎవరూ కోరి పెట్టలేదు. సుత్తిని లేపాలి కాబట్టి బరువు. మంద్రంలో సుత్తులు పెద్దవి, తారస్థాయిలో చిన్నవి. అందుకే ఎడమవైపు బరువు, కుడివైపు తేలిక. నడిమి మెట్టు దిగడానికి సుమారు 50 గ్రాములు కావాలి. తరతరాలుగా ఆ బరువు మీద పెరిగిన వేళ్లకు అదే రుచయింది. ఇవాళ్టి డిజిటల్ పెట్టెలో తీగ లేదు, కొట్టడానికి ఏమీ లేదు. అయినా మెట్టు కింద ఉత్తుత్తి సుత్తి ఒకటి పెట్టి, లేచి పడేలా చేస్తున్నారు. ‘హామర్ యాక్షన్’ అంటే ఇదే. ‘గ్రేడెడ్’ అని ఉంటే ఎడమ నుంచి కుడికి బరువు తగ్గుతూ పోతుందని.

ఇక తిత్తి వంశం. 1842లో పారిస్‌లో అలెగ్జాండర్ దెబాఁ హార్మోనియానికి పేటెంటు తీసుకున్నాడు. అది కాళ్లతో తొక్కేది. 1875లో కలకత్తాలో ద్వారకానాథ్ ఘోష్ దాన్ని నేల మీద కూర్చుని ఒక చేత్తో తిత్తి ఊదుతూ వాయించుకునేలా మార్చాడు. ఇందులో మెట్టు చేసే పని చాలా కొంచెం: ఒక రంధ్రం మీద మూత లేపుతుంది, గాలి రీడు మీదుగా పోతుంది. హెచ్చుతగ్గులన్నీ తిత్తి చూసుకుంటుంది. మెట్టుకు బరువెందుకు? ఈ వంశంలోనే అకార్డియన్ ఉంది. దాని ఎడమచేతి బటన్ ఒక్కటి నొక్కితే మూడు నాలుగు స్వరాలు కలిసి కార్డ్ పలుకుతుంది. తాళం తానే వేసుకునే అరేంజర్ కీబోర్డుకు విత్తనం ఆ బటనే అని నా నమ్మకం.

ఊరిగాం ఈ రెండు వంశాలనూ దగ్గర నుంచి చూసిన ఊరు. 1880లో జాన్ టేలర్ అండ్ సన్స్ కంపెనీ బంగారు గనుల్లో దిగాక ఇక్కడికి దొరలొచ్చారు, ఆంగ్లో ఇండియన్లొచ్చారు, బంగళాలు, క్లబ్బు వచ్చాయి. ‘లిటిల్ ఇంగ్లండ్’ అని పేరు పడింది. బంగళాల్లో, క్లబ్బు డాన్సుల్లో పియానో. కూలీ లైన్లలో, చుట్టుపక్కల తెలుగు పల్లెల్లో భజనకూ హరికథకూ పద్యనాటకానికీ హార్మోనియం. 1902లో శివనసముద్రం నుంచి గనులకు జలవిద్యుత్తు వచ్చింది. దేశంలో చాలా నగరాలకన్నా ముందే కరెంటు చూసిన చోటు ఇది. కరెంటు వాద్యాలు మాత్రం ఇంకా ఇక్కడికి రాలేదు.

అవి వేళ్లూనుకున్నది తిత్తివారింట్లో, ఆర్గన్ రూపంలో. 1935లో లారెన్స్ హేమండ్ ఆర్గన్ మార్కెట్లోకి వచ్చింది. 1950లో అదే కంపెనీ కార్డ్ ఆర్గన్ తెచ్చింది: ఎడమచేత్తో బటన్, కుడిచేత్తో పాట. 1959లో వుర్లిట్జర్ ‘సైడ్‌మ్యాన్’ అనే పెట్టె తెచ్చింది. లోపల తిరిగే పళ్లెం మీది కాంటాక్టులు ఒక్కొక్కటిగా తగులుతుంటే డ్రమ్ము చప్పుళ్లు వచ్చేవి. మనిషి లేని తాళం అలా బజారుకెక్కింది. మన సినిమాలూ వెనకబడలేదు. 1954లో వచ్చిన హిందీ ‘నాగిన్’లో ఊరూవాడా ఊగిపోయిన నాగస్వరం నిజం నాగస్వరం కాదు, కల్యాణ్‌జీ వాయించిన క్లావియోలిన్ అనే కరెంటు వాద్యం.

ఇటలీలో ఇంకా చిత్రం జరిగింది. అకార్డియన్లకు పేరుమోసిన మార్కె ప్రాంతంలో 1946లో మూడు అకార్డియన్ కంపెనీలు కలిసి ఫర్ఫీసా అయ్యాయి, తర్వాత ఎలక్ట్రానిక్ ఆర్గన్లు చేశాయి. రోలాండ్ యూరప్ శాఖ ఆ ప్రాంతంలోనే ఉండేది. కోర్గ్ ‘పా’ వరుస అరేంజర్లూ అక్కడే తయారవుతున్నాయి. తిత్తులు కుట్టిన ఊళ్లే స్టైల్స్, అంటే అరేంజర్ వేసే తాళాలు, రాసే ఊళ్లయ్యాయి.

1980లో క్యాసియోటోన్ 201తో క్యాసియో వాద్యాల్లోకి దిగింది. మరుసటి ఏడాది వచ్చిన బుల్లి ఎంటీ-40లో ‘రాక్’ అనే తాళం ఒకటుంది. హిరోకో ఒకుదా అనే ఉద్యోగిని దాన్ని కూర్చింది. 1985లో జమైకాలో ఎవరో ఆ బటన్ నొక్కి దాని మీదే పాట కట్టారు. రెగే సంగీతం దారే మళ్లింది. స్టైల్ బటన్ నొక్కేవాళ్లను చులకనగా చూసే పెద్దలకు ఈ కథ చెప్పాలి. 1983లో మిడి అనే ఉమ్మడి భాష వచ్చి కంపెనీల పెట్టెలు ఒకదానితో ఒకటి మాట్లాడుకున్నాయి. 1988లో రోలాండ్ ఇ-20 వచ్చింది. పరిచయ సంగీతం, నడుమ మలుపులు, ముగింపు అన్నీ తానే వాయించే ఇవాళ్టి అరేంజర్‌కు రూపు కుదిరింది.

అప్పటికీ మెట్లు తేలికే. ఆర్గన్ వంశం కదా, మెట్టు కింద స్ప్రింగు తప్ప ఏమీ లేదు. అవతల సుత్తి వంశం 1983లో యమహా క్లావినోవాగా డిజిటల్ అయింది. కొన్నేళ్లకే అందులో సీవీపీ వరుస తాళాన్నీ చేర్చుకుంది. అవి హాల్లో ఒకసారి దింపితే కదలని బీరువాలు. మోసుకుపోగలిగే బరువు మెట్ల అరేంజర్ కోసం ఆ తర్వాత చాలా ఏళ్లు ఆగాల్సి వచ్చింది. యమహా డీజీఎక్స్ వరుసలో కొన్ని అలాంటివి. వాటిలో డీజీఎక్స్-670 స్టాండు లేకుండానే సుమారు 21 కిలోలు. క్యాసియో పీఎక్స్-ఎస్3100, కోర్గ్ ఎక్స్‌ఈ20 పదకొండు కిలోల చిల్లర. యమహా మన దేశం కోసం చేసిన పీఎస్ఆర్-ఐ వరుసలో తబలా, ఢోలక్ తాళాలున్నాయి కానీ మెట్లు 61, తేలికవి.

కుర్రాడితో నేను అన్నది ఇదీ. షాపులో ‘టచ్ ఉంది సార్’ అంటే బరువు మెట్లని నమ్మకు. టచ్ అంటే మెట్టు కింద రెండు కాంటాక్టులు. మొదటిది తగిలాక రెండోది తగలడానికి పట్టిన వ్యవధిని బట్టి మోత పెరుగుతుంది, తగ్గుతుంది. తేలిక మెట్లకూ అది ఉంటుంది. సెమీ వెయిటెడ్ అన్నదీ సుత్తి కాదు, కాస్త బిగువైన స్ప్రింగే.

ఇంకో మాట. నాటకంలో పద్యం వెంట పరుగెత్తే సంగతులు హార్మోనియం చేతికి పుట్టినవి. బరువు మెట్ల మీద గంట వాయిస్తే ముంజేయి లాగేస్తుంది. మెట్ల వాద్యానికి గమకం రాదనే ఫిర్యాదు పాతదే. 1940లో ఆకాశవాణి హార్మోనియాన్ని వెలివేసింది, 1971లో గానీ సడలించలేదు. కాబట్టి స్వరాన్ని జార్చే పిచ్ బెండ్ చక్రం ఉందో లేదో ముందు చూడాలి. అది లేకపోతే 88 మెట్లున్నా పద్యం వెనక మొండిగానే పలుకుతుంది. చర్చిలో కీర్తనలకు, పియానో పరీక్షలకు మాత్రం బరువు మెట్లే సరి. ఆ చేయి తేలిక మెట్ల మీద పాడవుతుంది.

2001 ఫిబ్రవరి 28న గనులు మూతపడ్డాక ఇక్కడివాళ్ల బతుకు బెంగళూరు రైలే. మారికుప్పం నుంచి వచ్చే పొద్దుటి బండిలో నిలబడటానికే చోటుండదు. ఇరవయ్యొక్క కిలోల పెట్టె, పైన స్టాండు, పెడలు! వారానికి మూడు కచేరీలున్నవాడికి అది సుత్తి కాదు, సమ్మెట. ఇంకొకటి మన ఊరి సొంత బాధ: ఎండాకాలం గాలికి గనులు వదిలేసిన సైనైడ్ దిబ్బల దుమ్ము ఇంట్లోకి వస్తుంది. అది కాంటాక్టుల్లో చేరితే ఒక మెట్టు మూగబోతుంది, పక్క మెట్టు అరుస్తుంది. గుడ్డ కప్పని కీబోర్డుకు ఇక్కడ ఆయుష్షు తక్కువ.

నన్నడిగితే అతడికి రెండు పెట్టెలు కావాలి: ఇంట్లో కదలకుండా బరువుది, భుజాన వేసుకోవడానికి తేలికది. ఒక్కదానికే డబ్బుంటే తేలికదే ముందు, ఎందుకంటే కూడు పెట్టేది అది. మీరు కొనబోతున్నా సరే, షాపువాడు స్టైల్ మోగించకముందే ప్లగ్గు తీయించండి. చప్పుడు లేని మెట్ల మీద పది నిమిషాలు వేళ్లు ఆడించి, ఆ తర్వాతే ధర అడగండి.