పందుంపుల్లకు లొంగని మచ్చ

పులికాటు సరస్సునకు, బంగాళాఖాతమునకు నడుమ ఇసుకతిన్నెవలె సాగియున్న దీవి శ్రీహరికోట. 1969లో రాకెట్ల ప్రయోగమునకై ఎన్నుకొనబడక పూర్వము అది యానాదులు నివసించు అడవి. 1835లో చెన్నపట్టణమునకు వంటచెరకు సమకూర్చుటకై మదరాసు ప్రభుత్వమువారు ఆ దీవిని స్వాధీనపరచుకొనిరి. పిమ్మట అచ్చటి కట్టెలు బకింగుహాము కాలువమీద పడవలకెక్కి పట్టణపు పొయ్యిలకు చేరుచుండెను. కట్టె చరిత్ర అది. తెల్లవారుజామున మనవారు విరుచుకొను జానెడు పందుంపుల్ల చరిత్ర అంతకంటె చాల ప్రాచీనము.

పుల్ల పన్నెండంగుళముల పొడవును, చిటికెనవ్రేలి లావును ఉండవలెనని సుశ్రుతుడు విధించెను. చేదు చెట్లలో వేప, వగరులో చండ్ర, తీపిలో ఇప్ప, కారములో కానుగ శ్రేష్ఠములనెను. మెత్తని కుంచెతో, చిగుళ్ళు నొవ్వకుండ, ఒక్కొక్క దంతమునే తోమవలెనని కూడ ఆయన చెప్పియున్నాడు. ఈ చివరి మాటను మనము సుళువుగా మరచితిమి. ఏడవ శతాబ్దమున మన దేశమునకు వచ్చిన చైనా యాత్రికుడు ఇత్సింగు, ఇచ్చటి భిక్షువులు పుల్ల కొసను నమిలి పండ్లు తోముకొనుటయు, దానినే చీల్చి నాలుక గీచుకొనుటయు శ్రద్ధగా వర్ణించెను.

మన పల్లెలలో వేప, కానుగ, ఉత్తరేణి వాడుకలోనివి. తూర్పుతీరపు చౌటినేలలలో పెరుగు గున్నంగి చెట్టే అరబ్బులు మిస్వాకు అని ఆదరించునది. పుల్ల దొరకనిచోట కచ్చిక, బొగ్గు, ఉప్పు. ఏదియు లేనిచో ఇటుకపొడి. ఇవి పండ్లను తెల్లబరచుట నిజమే. కాని గరుకుపొడి మీది మరకతోపాటు ఎనామెలు అను పింగాణిపొరను కూడ అరగదీయును. అరిగిన ఎనామెలు మరల పెరుగదు. దాని క్రిందనున్న పసుపుపచ్చని ధాతువు బయలుపడును. తెలుపుకొరకై రుద్దిరుద్ది పసుపు తెచ్చుకొనుట యన్నమాట!

1937లో కోల్గేటు కంపెనీ మన దేశమున స్థాపితమైనది. ఆ సంవత్సరముననే, పొడికిని పేస్టుకును లొంగని మచ్చ యొకదాని కారణము మన దేశపు వైద్యలోకమునకు తెలియవచ్చెను. శ్రీహరికోట 2022 వరకు నెల్లూరు జిల్లాలోనిదే. నేడది తిరుపతి జిల్లాలో నున్నది. ఆ పాత నెల్లూరు జిల్లాకు వాయవ్యమున దర్శి, పొదిలి, కనిగిరి తాలూకాలుండెను. 1970లో అవి ఒంగోలు జిల్లాలో చేరినవి. ఆ మెట్టప్రాంతపు జనుల పండ్లపై గోధుమరంగు చారలు, వంగిన వెన్నులు, బిగిసిన కీళ్ళు చూచి షార్టు, రాఘవాచారి మున్నగు వైద్యశాస్త్రజ్ఞులు కారణము బావినీటిలోని ఫ్లోరైడు అని 1937లో ప్రకటించిరి.

ఎనామెలు చిగురు క్రింద రూపొందు బాల్యదశలోనే ఈ మచ్చ పడును. సుమారు ఎనిమిదేండ్లు దాటినవారికి క్రొత్తగా పడదు. పడినది తోమిన పోదు. అట్టి పిల్లవానిని "పండ్లు తోముకొనవా?" యని పదిమందిలో గద్దించుట ఎంత అన్యాయము! వాడు నిత్యము వేపపుల్ల నమలువాడే కావచ్చును. తప్పు వానిది కాదు, వాని తల్లి తోడి తెచ్చిన నీటిది; ఆమెకును వేరు బావి లేదు.

నీటిలో లీటరునకు ఒకటిన్నర మిల్లీగ్రాములకు మించి ఫ్లోరైడు ఉండరాదని ప్రపంచ ఆరోగ్యసంస్థ సూచన. దానిని తగ్గించుటకు నాగపూరులోని జాతీయ పర్యావరణ పరిశోధనసంస్థవారు 1970 దశకమున రూపొందించిన పద్ధతికి, ఆ బాధ ననుభవించిన మన నల్లగొండ పేరే పెట్టిరి. అందు వాడునవి సున్నము, పటిక. చిగుళ్ళు వదులైనపుడు పుక్కిలించుటకు మన అమ్మమ్మలు నీటిలో కలిపిచ్చిన పటికయే అది.