సంతకానికి కొత్త దారి కావాలి

ఉద్యోగ జీవితమంతా సంతకాలతో గడిపినవాళ్ళం మనం. హాజరు పట్టీ మొదలుకొని సంఘం తరఫున ఇచ్చిన మహజర్ల వరకు ఎన్నో చేశాం. అయితే మహజరు విన్నపం మాత్రమే. ఆలకించడం, ఆలకించకపోవడం పైవారి ఇష్టం. కొన్ని దేశాలలో మాత్రం తగినన్ని సంతకాలు పడితే ఆ విన్నపాన్ని ప్రజల ఓటుకు పెట్టి తీరాలి. దానిని 'ఇనిషియేటివ్' అంటారు. మనం ప్రజా ప్రతిపాదన అనుకోవచ్చు. దాని చరిత్రను సభ్యుల ముందుంచడం ఈ వ్యాసం ఉద్దేశం.

స్విట్జర్లాండులో 1891 నుండి 50,000 మంది ఓటర్లు సంతకాలు చేసి రాజ్యాంగ సవరణను ప్రతిపాదించే హక్కు వచ్చింది. నేడు లక్ష సంతకాలు కావాలి. గడువు 18 నెలలు. అమెరికాలో 1898లో సౌత్ డకోటా, 1902లో ఆరిగన్ ఈ పద్ధతిని చేపట్టాయి. కాలిఫోర్నియా రాజకీయాలను సదరన్ పసిఫిక్ రైల్వే కంపెనీ శాసిస్తున్న రోజులలో, ఆ పట్టు సడలించాలని గవర్నరు హైరమ్ జాన్సన్ 1911లో అక్కడ ఈ హక్కును సాధించారు.

విచారకరమైన విషయమేమంటే, డబ్బు పెత్తనాన్ని అరికట్టడానికి పుట్టిన హక్కు డబ్బు చేతికే చిక్కింది. కాలిఫోర్నియాలో చట్టం కోసమైతే గత గవర్నరు ఎన్నికలో పోలైన ఓట్లలో 5 శాతం, రాజ్యాంగ సవరణకైతే 8 శాతం సంతకాలు 180 రోజులలో కాగితం మీద సేకరించాలి. అంటే లక్షల సంతకాలు! సంతకానికి ఇంత అని పుచ్చుకుని అంగళ్ళ ముందు నిలబడేవారు తయారయ్యారు. కొలరాడో రాష్ట్రం ఈ కూలి సేకరణను నిషేధించగా, అది వాక్ స్వాతంత్ర్యానికి విరుద్ధమని 1988లో అమెరికా సుప్రీంకోర్టు కొట్టివేసింది. సామాన్యుల సంఘాలు అంత ఖర్చు ఎక్కడ భరించగలవు?

ఆన్‌లైన్ సంతకం దీనికి తగిన మందు అని నా అభిప్రాయం. ఫిన్లాండులో 2012 నుండి బ్యాంకు గుర్తింపుతో ఇంటి నుండే సంతకం చేయవచ్చు. ఆరు నెలలలో 50,000 వస్తే ప్రతిపాదన పార్లమెంటుకు వెళుతుంది. అది ప్రజల ఓటు కాకపోయినా, సంతకాల పద్ధతి నిలబడింది. అమెరికాలోని అరిజోనాలో అభ్యర్థుల నామినేషన్లకు ఆన్‌లైన్ సంతకం చెల్లుతుండగా, 2020లో కరోనా కాలంలో ప్రజా ప్రతిపాదనలకు కూడా అనుమతించమని కోరితే అక్కడి సుప్రీంకోర్టు అంగీకరించలేదు. నాయకునికి చెల్లిన సంతకం ప్రజలకెందుకు చెల్లదు?

దొంగ సంతకాలు పడతాయని కొందరి భయం. కాగితం మాత్రం ఏపాటి రక్ష? స్విట్జర్లాండులోనే కూలి సేకరణలో దొంగ సంతకాలు చేరాయన్న ఆరోపణలు 2024లో పెద్ద దుమారం లేపాయి. ఆ ఏడాదే అక్కడి ప్రభుత్వం ఆన్‌లైన్ సేకరణను పరిమితంగా పరీక్షించడానికి సుముఖత తెలిపింది.

మన దేశంలో 2014లో జీవన్ ప్రమాణ్ వచ్చింది. బ్రతికే ఉన్నామని ఇంటి నుండే ఋజువు చేసి పింఛను తీసుకుంటున్నాం. సంతకం చేసినవాడు ఫలానా ఓటరేనని తేల్చడం అంతకన్న కష్టమేమీ కాదు. అయితే సంతకాలు ప్రభుత్వ నిర్వహణలోనే జరగాలి. ఒక ఓటరుకు ఒకే సంతకం ఉండాలి. సంతకందారుల పేర్లు గోప్యంగా ఉంచాలి. ఫోను వాడలేని వృద్ధుల కోసం కాగితం కూడా కొనసాగాలి.

సంతకం హక్కు ఉన్న ప్రతి దేశంలోనూ ఆ హక్కు ఖర్చు పెట్టగలవారికే పరిమితం కాకూడదు. విజ్ఞులైన సభ్యులు ఆలోచించగలరు.