రెండింటి వర్గమూలము

చతురస్రమైన నేల వైశాల్యము తెలిసినపుడు దాని భుజమును కనుఁగొనుటయే వర్గమూలము కట్టుట. 144 చదరపు గజముల నేలకు భుజము 12 గజములు. ఇందు చిక్కు లేదు. చిక్కంతయు రెండింటి మూలమునందే కలదు. పావులూరి మల్లన 11వ శతాబ్దమున గణితమును తెనుఁగు పద్యములలోనికిఁ దెచ్చుటకు వేయేండ్లకుఁ బైగా మునుపే శుల్బసూత్రకారుఁడు బౌధాయనుఁడు దీని నెదుర్కొనెను. యజ్ఞవేదిక వైశాల్యము రెట్టింపు కావలెనని భుజమును రెట్టించినచో నాలుగింతలగును. కావున కర్ణమునే క్రొత్త భుజముగాఁ గొనుమని యాతఁడు విధించి, దాని కొలతయుఁ జెప్పెను: ఒకటికి మూడవవంతును, ఆ వంతులో నాలుగవవంతును చేర్చి, ఈ కడపటి భాగములో ముప్పదినాలుగవవంతు తీసివేయవలెను. అది 577/408 అగును. 577 యొక్క వర్గము 3,32,929. 408 యొక్క వర్గమునకు రెట్టింపు 3,32,928. త్రాటితోఁ గొలుచువానికి ఇంతకంటె నేమి కావలెను? అయినను భేదము పూర్తిగా నెన్నటికిని తీఱదు. ఏ భిన్నమును వర్గించినను సరిగా రెండు రాదు.