టర్బోఛార్జరు – ఇంజనుతో పొందిక

ఒక గ్రాము పెట్రోలు పూర్తిగా మండుటకు దాదాపు 15 గ్రాముల గాలి కావలెను. కావున మోటారు ఇంజను నుండి ఎక్కువ శక్తిని రాబట్టవలెనన్న పెట్రోలును అధికముగా పోసిన చాలదు. సిలిండరులలోనికి గాలిని కూడ అధికముగా పంపవలెను. ఇంజను నుండి వెలువడు వేడి వాయువులతో ఒక టర్బైను చక్రమును త్రిప్పి, అదే ఇరుసుపై నున్న మరియొక చక్రముచే గాలిని అదిమి పంపు సాధనమే టర్బోఛార్జరు. స్విట్జర్లాండు ఇంజనీరు ఆల్ఫ్రెడ్ బ్యూకి 1905లో దీనికి పేటెంటు పొందెను.

తమ కారును మార్పు చేసి శక్తిని పెంచదలచువారు సాధారణముగా ఎంత పెద్ద టర్బోఛార్జరు దొరకునా అని వెదకుదురు. వెదకవలసినది పెద్దది కాదు, తగినది. ఈ సాధనము చరిత్రయే దీనికి సాక్ష్యము.

మొదట దీని అవసరము విమానములకు గట్టిగా కనిపించెను. పైకి పోయిన కొలది గాలి పలుచబడి, ఇంజను శక్తి తగ్గును. 1918లో అమెరికాలో శాన్‌ఫర్డ్ మాస్ అను ఇంజనీరు ఒక లిబర్టీ విమాన ఇంజనును 14,000 అడుగులకు మించిన పైక్స్ శిఖరము మీదికి చేర్చి పరీక్షించెను. సముద్రమట్టమున 350 అశ్వశక్తి నిచ్చు ఆ ఇంజను శిఖరముపై 230 మాత్రమే ఇచ్చెను. టర్బోఛార్జరు అమర్చగా 356 ఇచ్చెను. ఇచ్చట పని పోయిన గాలిని తిరిగి సమకూర్చుట మాత్రమే.

నేలపై తిరుగు కారు సంగతి వేరు. అందు సిలిండరులలోనికి మామూలుకంటె హెచ్చు గాలి చొరబడును. అదిమిన గాలి వేడెక్కును గదా! 27 డిగ్రీల సెంటిగ్రేడు గాలిని రెండింతల పీడనమునకు అదిమినచో, నష్టములేవియు లేని ఆదర్శస్థితిలోనే అది సుమారు 93 డిగ్రీలకు చేరును. దానిని పిస్టను మరల అదుముటచే వేడి ఇంకను పెరిగి, మిశ్రమములో కొంత భాగము తనంతట తానే ఒక్కుమ్మడిగా మండును. దీనినే నాకింగ్ అందురు. ఇది పిస్టనులను పగులగొట్టగలదు.

1962లో జనరల్ మోటార్స్ సంస్థ రెండు టర్బో కార్లను అమ్మకమునకు తెచ్చెను. వాటిలో ఈ చిక్కునకు రెండు వేర్వేరు పరిష్కారములు కలవు. ఓల్డ్స్‌మొబైల్ జెట్‌ఫైర్ కారులో సంపీడన నిష్పత్తిని 10.25 వద్దనే ఉంచి, నాకింగ్‌ను ఆపుటకు నీరు, మిథనాలు కలిపిన ద్రవమును చల్లు ఏర్పాటు చేసిరి. ఆ ద్రవపు తొట్టి ఖాళీ అయినచో పీడనము పెరుగకుండ ఒక కవాటము అడ్డుపడును. అప్పుడు కారు శక్తి తగ్గును. తొట్టి నింపుట పలువురు యజమానులు మరచిరి. షెవ్రొలే కొర్వేర్ కారులోనైతే ఇంజనునే మార్చిరి. సంపీడన నిష్పత్తిని 8కి తగ్గించి, క్రాంకుషాఫ్టును, కవాటములను దృఢపరచిరి. జెట్‌ఫైర్ 1963తో ముగిసెను. టర్బో కొర్వేర్ 1966 వరకు నడచెను. టర్బోఛార్జరును ఎన్నుకొనుట యనగా దానిని భరించు ఇంజనును కూడ ఎన్నుకొనుటయే.

ఇక పరిమాణము సంగతి. ఫార్ములా వన్ పందెములలో మామూలు ఇంజనులకు 3 లీటర్ల పరిమితి, అదిమిన గాలి వాడు ఇంజనులకు 1.5 లీటర్ల పరిమితి ఉండెడిది. 1977లో రెనో సంస్థ ఒకే పెద్ద టర్బోఛార్జరు గల 1.5 లీటర్ల ఇంజనుతో సిల్వర్‌స్టోన్ పందెమున దిగెను. ఆ కారు పందెము పూర్తి చేయలేక పోయెను. తరచు చెడిపోయి పొగలు గ్రక్కు ఆ పసుపు కారును ఇంగ్లీషువారు "పసుపు టీ కెటిలు" అని ఎగతాళి చేసిరి. అంతకంటె పెద్ద చిక్కు, డ్రైవరు పెడలు త్రొక్కిన కొంతసేపటికి గాని శక్తి రాకపోవుట.

దీనికి కారణమును విద్యార్థులు సులభముగా గ్రహింపవచ్చును. ఒకే ఆకారము గల చక్రముల ద్రవ్యరాశి వ్యాసము ఘనమును బట్టి పెరుగును. జడత్వ భ్రామకము ద్రవ్యరాశిని, వ్యాసవర్గమును కూడ అనుసరించును. అనగా వ్యాసము యొక్క అయిదవ ఘాతమును బట్టి పెరుగును. వ్యాసము 20 శాతము పెంచినచో భ్రామకము దాదాపు 2.5 రెట్లగును. అట్టి చక్రము వేగమందుకొనుటకు ఎక్కువ కాలము పట్టును. ఒక పెద్ద చక్రమునకు బదులు, చెరి సగము వాయువును నడుపు రెండు చిన్న చక్రములు వాడినచో, ఆ రెండింటి మొత్తము భ్రామకము పెద్దదానిలో సుమారు మూడవవంతే.

1979లో రెనో ఇంజనీర్లు చేసినదిదే. రెండు చిన్న టర్బోఛార్జరులు అమర్చిన కారుతో ఆ యేడు జులై 1న డిజోన్‌లో జరిగిన ఫ్రెంచి గ్రాన్‌ప్రీని జాన్-పియెర్ జబూయి గెలిచెను. ఫార్ములా వన్‌లో టర్బో ఇంజనుకు అదియే తొలి విజయము.

నేడు కారును మార్పు చేయువారికిని వరుస ఇదే. ఏ వేగమున ఎంత శక్తి కావలెనో ముందు నిర్ణయించవలెను. దానికి కావలసిన గాలిని లెక్కించి, ఆ గాలిని సమర్థముగా ఇచ్చు చక్రములలో చిన్నదానిని తీసుకొనవలెను. పిమ్మట ఆ పీడనమునకు తట్టుకొను పిస్టనులు, తగిన సంపీడన నిష్పత్తి, గాలిని చల్లార్చు ఇంటర్‌కూలరు, చాలినంత పెట్రోలు సమకూర్చవలెను. వీనిలో ఒక్కటి తప్పినను, గాలితో వచ్చిన శక్తి ఇంజనునే కబళించును.