పాట డిస్కు దిగి ఫైలైన కథ

1982 అక్టోబరులో సోనీ జపాన్‌లో సీడీపీ-101 ప్లేయరును అమ్మకానికి పెట్టింది. దానితో పాటను అంకెలుగా కొలిచి దాచే పద్ధతి ఇళ్లలోకి వచ్చింది. సెకనుకు 44,100 సార్లు కొలవడం, ఒక్కో కొలతను 16 బిట్లలో రాయడం. 44,100 అనే ఆ వింత సంఖ్య సంగీతజ్ఞులు ఎంచుకున్నది కాదు. అప్పట్లో డిజిటల్ ధ్వనిని వీడియో టేపుల మీద రికార్డు చేసేవారు, ఆ టేపు లెక్కకు కుదిరిన అంకె అది. అయినా మనిషి చెవికి అందే 20 కిలోహెర్ట్జ్ దాకా పట్టుకోవడానికి అది చాలు. ఇప్పుడు హై-రిజల్యూషన్ అంటున్నదంతా ఈ గీత దాటినదే: ఉదాహరణకు 24 బిట్లు, 96 లేదా 192 కిలోహెర్ట్జ్.

గీత దాటే తొలి ప్రయత్నం మళ్లీ డిస్కులతోనే జరిగింది. 1999లో ఎస్ఏసీడీ, ఆ మరుసటి ఏడు డీవీడీ-ఆడియో వచ్చాయి. రెండింటికీ కాపీ కాకుండా తాళాలు, పైగా ఒకదానితో ఒకటి పోటీ. జనం మాత్రం 1999లోనే వచ్చిన పాటల మార్పిడి సేవ నాప్‌స్టర్ పుణ్యమా అని ఎంపీ3 వైపు పరుగెత్తారు. సీడీలో 53 మెగాబైట్లయ్యే అయిదు నిమిషాల పాట ఎంపీ3లో 5 మెగాబైట్లకు దిగుతుంది. చెవి పెద్దగా పట్టించుకోదనుకున్న వివరాలను అది తీసి పారేస్తుంది. తీసేసింది మళ్లీ రాదు.

ఈ కథలో అసలు మలుపు 2001. ఆ జులైలో జోష్ కోల్సన్ ఫ్లాక్ 1.0 విడుదల చేశాడు. వెనకటి కొలతలను బట్టి తర్వాతి కొలత ఎంతుంటుందో ఊహించి, ఊహకూ నిజానికీ ఉన్న తేడాను మాత్రమే రాసుకోవడం దాని కిటుకు. ఫైలు సుమారు సగానికి తగ్గుతుంది, విప్పితే ఒక్క బిట్టు తేడా లేకుండా మొదటి పాటే వస్తుంది. ఎవరైనా ఉచితంగా వాడుకోవచ్చు. అదే ఏడాది అమెరికాలో స్లిమ్ డివైసెస్ అనే చిన్న కంపెనీ స్లింప్3 అనే పెట్టె తెచ్చింది. అందులో హార్డ్ డిస్కు లేదు. పాటలన్నీ వేరే గదిలోని కంప్యూటర్లో ఉంటే, ఈథర్నెట్ తీగ మీదుగా అడిగి తెప్పించుకుని వాయిస్తుంది. దాచే చోటును, వాయించే చోటును విడదీసిన ఈ ఆలోచనే ఇంటి నెట్‌వర్క్ సంగీతానికి పునాది అని నా లెక్క. బిట్ల సంఖ్య పెరగడం దాని తర్వాతి మాట.

నెట్‌వర్క్ మొదట్లో అంత బరువు మోయలేదు కూడా. అప్పటి వైఫై పేరుకు 11 మెగాబిట్లు, చేతికందేది అందులో సగం. 24/96 (24 బిట్లు, 96 కిలోహెర్ట్జ్) పాటకు కుదించకముందు సెకనుకు 4.6 మెగాబిట్లు కావాలి. పక్కింట్లో ఎవరో మైక్రోవేవ్ పెడితే పాట ఆగేది.

తెలుగు శ్రోతకు మరో చిక్కు పాట పేర్ల దగ్గర వచ్చింది. ఎంపీ3 పాటలకు పేర్లు తగిలించే ఐడీ3 తొలి రూపం గాయకుడి పేరుకు ఇచ్చింది 30 బైట్లు. ఘంటసాల వెంకటేశ్వరరావు అని యూటీఎఫ్-8లో తెలుగులో రాస్తే 61 అవుతాయి. సంగీత దర్శకుడికి, గీత రచయితకు గడులే లేవు. ఫ్లాక్ ట్యాగుల్లో తెలుగు హాయిగా ఇముడుతుంది, రాగం, తాళం అంటూ మనకు కావలసిన గడి పెట్టుకోవచ్చు. కానీ ఇంగ్లిష్ స్పెల్లింగులతో వచ్చిన పాత ఫైళ్లను సర్వర్లోకి ఎక్కించండి, ఒక్క బాలసుబ్రహ్మణ్యమే నలుగురై జాబితాలో నిలబడతాడు. కచేరీ సీడీలది ఇంకో గొడవ. రాగం, తానం, పల్లవి వేర్వేరు ట్రాకులుగా ఉంటే ఎంపీ3 మధ్యలో చిన్న నిశ్శబ్దాన్ని దూరుస్తుంది. ఫ్లాక్ దూర్చదు, ప్లేయరు సరైనదైతే తానం తెగకుండా పల్లవిలోకి సాగిపోతుంది.

2007లో స్కాట్లాండ్ కంపెనీ లిన్ ఖరీదైన నెట్‌వర్క్ ప్లేయరు క్లైమాక్స్ డీఎస్ తెచ్చింది, రెండేళ్లకు సీడీ ప్లేయర్ల తయారీ ఆపేస్తున్నామంది. అదే 2007లో మేయర్, మోరాన్ అనే ఇద్దరు ఒక పరీక్ష ప్రచురించారు: హై-రిజల్యూషన్ డిస్కు ధ్వనిని మధ్యలో సీడీ స్థాయికి దించితే మామూలు శబ్ద స్థాయిలో శ్రోతలు తేడా పట్టలేకపోయారు. 2016లో జాషువా రీస్ పాత పరీక్షలన్నీ కలిపి చూసి, స్వల్పమైన తేడా కొందరికి తెలుస్తోందన్నాడు. వాదన సాగుతూనే ఉంది. పాతకాలపు సినిమా పాటకైతే మూల టేపు ఎంత బాగుంటే అంతే, 192 కిలోహెర్ట్జ్ దానికి కొత్త గొంతు ఇవ్వదు. సీడీ నుంచి సాగదీసిన ఫైలును హై-రిజల్యూషన్ పేరుతో అమ్మినా, స్పెక్ట్రమ్ బొమ్మలో 22 కిలోహెర్ట్జ్ దగ్గర గొడ్డలితో నరికినట్టు కనిపిస్తుంది.

స్లిమ్ డివైసెస్‌ను 2006లో లాజిటెక్ కొంది, స్లింప్3 వారసులైన స్క్వీజ్‌బాక్స్ పెట్టెలకు 2012లో స్వస్తి చెప్పింది. కంప్యూటర్ నుంచి వాటికి పాటలు పంపే సర్వర్ ప్రోగ్రాము ఓపెన్ సోర్స్ కనుక చావలేదు. అదే ఏడాది వచ్చిన చవకైన రాస్ప్‌బెర్రీ పై బోర్డు మీద ఔత్సాహికులు కొత్త ప్లేయర్లు కట్టుకున్నారు. 2024లో ఆ సర్వర్ లిరియన్ అని పేరు మార్చుకుంది.

2021లో ఆపిల్ మ్యూజిక్ అదనపు చందా లేకుండా 24/192 ఇచ్చాక, ఇంట్లో దాచడం ఎందుకన్న ప్రశ్న వచ్చింది. హక్కుల ఒప్పందం ముగిస్తే పాట అక్కణ్ణుంచి మాయమవుతుంది, పాత కచేరీ రికార్డింగులు చాలావరకు అక్కడ ఉండవు. ఇంట్లో దాచేవాళ్లు నెట్‌వర్క్‌కు తగిలించే నాస్ పెట్టెలో రెండు డిస్కులు వేసి ధీమాగా ఉంటారు. ఒక డిస్కు పోతే రెండోది ఆదుకుంటుంది గానీ, పొరపాటున చెరిపిన ఫోల్డరు రెండింట్లోంచీ పోతుంది. అందుకే మూడో కాపీ విడిగా, వీలైతే వేరే ఇంట్లో ఉండాలి. ప్రతి ఫ్లాక్ ఫైలూ తన ధ్వనికి ఎండీ5 అనే గుర్తు సంఖ్యను సాధారణంగా లోపలే మోస్తుంది కనుక, ఆ కాపీ చెడిందో లేదో వినకుండానే తేల్చుకోవచ్చు.