పటాలం పాదిరి, పల్లె పాదిరి

కంపెనీ కాలంలో మద్రాసు రాజధానిలో ఆంగ్లికన్ పాదిరులు రెండు రకాలు. ఒకరు చాప్లిన్: సర్కారు జీతం, సర్కారు పింఛను. దండులో ఆదివారం ఆరాధన జరపడం, తెల్ల సిపాయిలకు పెళ్లిళ్లు, బాప్తిస్మాలు, సమాధి కార్యాలు చేయించడం ఆయన పని. ఆ జీతం వచ్చేది మాత్రం ఇక్కడి రైతు కట్టిన శిస్తు నుంచే. రెండో ఆయన మిషన్ పాదిరి. ఇంగ్లండులో భక్తులు పంపే చందాలే ఆయనకు ఆధారం. 1835లో మద్రాసుకు బిషప్ వచ్చాక ఇద్దరూ ఒకే అధికారం కిందికి చేరారు గానీ, వాళ్ల లోకాలు కలవలేదు.

దత్తమండలంలో చాప్లిన్ల చోటు బళ్లారి వంటి పెద్ద దండు. నంద్యాల, ఆళ్లగడ్డ ప్రాంతం 1839 దాకా కర్నూలు నవాబు ఏలుబడిలో ఉండేది. తర్వాత కంపెనీ పాలన వచ్చినా తెల్ల పటాలం ఇక్కడ పాతుకుపోలేదు. అందుకే ఈ ప్రాంతపు క్రైస్తవం పల్లె పాదిరుల చేతి మీదుగా పెరిగింది.

1701లో లండనులో పుట్టిన ఆంగ్లికన్ మిషన్ సంస్థ ఎస్.పి.జి. 1840లలో కడప వైపు తెలుగు పని మొదలుపెట్టింది. తర్వాతి దశకంలో ఆ సంస్థ పాదిరి జాన్ క్లే ఆళ్లగడ్డకు దక్షిణాన ఉన్న ముత్యాలపాడులో స్థిరపడ్డాడు. క్రైస్తవంలో చేరినవారిలో ఎక్కువమంది మాలలు. 1876–78 ధాత కరువు తర్వాత ఆ సంఖ్య బాగా పెరిగింది. గంజి కోసమే చేరారన్న మాట అప్పుడే వినిపించింది. అది సగం నిజం. ఊరిబడి గడప తొక్కనివ్వని పిల్లలకు మాలపల్లెలోనే బడి దొరకడం మిగతా సగం. ఆ బడిలో పాఠం చెప్పేదీ, సాయంత్రం ప్రార్థన నడిపేదీ ఉపదేశే. దొర గుర్రమెక్కి ఎప్పుడో ఒకసారి వచ్చేవాడు. సంఘాన్ని రోజూ నిలబెట్టింది ఈ తెలుగు ఉపదేశులే. కాలక్రమంలో ఉపాధ్యాయ శిక్షణ, ఉన్నత పాఠశాలలతో నంద్యాల కేంద్రమైంది. 1912లో దోర్నకల్‌కు వేదనాయకం శామ్యూల్ అజరయ్య బిషప్ అయ్యాడు. ఆంగ్లికన్ సంఘంలో తొలి భారతీయ బిషప్ ఆయనే. నంద్యాల ప్రాంతమూ తర్వాత ఆ అధ్యక్ష మండలంలో చేరింది.

స్వాతంత్ర్యంతో సర్కారు చాప్లిన్ల వ్యవస్థ అంతరించింది. 1947 సెప్టెంబరు 27న మద్రాసులో పలు సంఘాల కలయికగా దక్షిణ ఇండియా సంఘం ఏర్పడినప్పుడు దోర్నకల్ ఆంగ్లికన్లు అందులో కలిశారు. నంద్యాల వైపు 30 వేలకు పైగా విశ్వాసులు మాత్రం కలవలేదు. బిషప్ చేతి అభిషేకం లేని ఇతర సంఘాల పాదిరుల చేత ప్రభు భోజనం తీసుకోవడం వాళ్లకు సమ్మతం కాలేదు. డబ్బు లెక్కలూ ఉన్నాయన్న విమర్శ వచ్చింది. ఏదేమైనా మూడు తరాలు అలవాటు చేసుకున్న ప్రార్థన క్రమం మీది పట్టుదలను తక్కువగా చూడకూడదు. వాళ్లు కలకత్తా మెట్రోపాలిటన్ కిందనే ఉండిపోయారు. 1963లో నంద్యాల ప్రత్యేక అధ్యక్ష మండలమైంది. 1970లో ఆ పాత ఆంగ్లికన్ సంఘం ఉత్తర ఇండియా సంఘంలో విలీనమయ్యాక, అదే దశకంలో నంద్యాల దక్షిణ ఇండియా సంఘంలో చేరింది. నేటికీ ఆ సంఘంలో అది ఒక అధ్యక్ష మండలమే. దాని ప్రధానాలయం నంద్యాలలోని హోలీ క్రాస్ కేథడ్రల్.