మెరుగు పెడితే చెరిగిపోయే చరిత్ర

దామరచర్ల తండాల పిల్లలను హైదరాబాదు తీసుకుపోయి సాలార్‌జంగ్ మ్యూజియం చూపించాం. ఆయుధాల దగ్గర ఒక పిల్లవాడు ఆగి, "సార్, ఇవన్నీ దొరలవి, నవాబులవే గదా. మన తాతల తుపాకులు ఏడున్నయ్?" అని అడిగాడు. అక్కడ మేము సరిగా జవాబు చెప్పలేకపోయాం. అందుకే ఇప్పుడు రాస్తున్నాం.

మన నల్లగొండ గడ్డ మీద పోరాటం మొదట వడిసెలలు, కర్రలు, కారంపొడితో సాగింది. 1947 సెప్టెంబరులో సాయుధ పోరాట పిలుపు వచ్చాక భర్మార్లు చేతికొచ్చాయి. భర్మారు అంటే మూతి నుంచి మందూ గుండూ కూరే నాటు తుపాకి. రజాకార్ల దగ్గర, పోలీసుల దగ్గర గుంజుకున్నవీ తోడయ్యాయి. 1950లో ప్రాణమిచ్చిన లంబాడా వీరుడు జాటోతు ఠానూ నాయక్ ఈ పోరాటం బిడ్డే. 1951 అక్టోబరులో పోరాటం విరమించారు.

అంతకు ముందే మన్యంలో అల్లూరి సీతారామరాజు, గాం గంటందొర, గాం మల్లుదొర వెంట ఆదివాసులు 1922 ఆగస్టు 22, 23, 24 తేదీల్లో చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి పోలీసు ఠాణాల మీద పడి తుపాకులు పట్టుకుపోయారు.

నవాబు తుపాకికి వెండి నగిషీ ఉంటుంది. పేదవాడి తుపాకికి ఉండేది వాడకం గుర్తే. చెమటకు నల్లబడ్డ మడమ, పగిలితే చుట్టిన తీగ, గొట్టం మీద కొట్టిన నంబరు. సర్కారు నంబరు ఉంటే అది ఎవరి దగ్గర నుంచి వచ్చిందో ఆ ఇనుమే చెబుతుంది. అక్షరం రాని మన పెద్దల సంతకాలు ఇవే.

పాతదాన్ని కొత్తదానిలా చేయాలని కొందరు మడమను ఉప్పుకాగితంతో రుద్ది వార్నిష్ పూస్తారు. గొట్టాన్ని ఆకురాయితో గీకి నల్లరంగు వేస్తారు. చూపుకు బాగుంటుంది గానీ నంబరు అరిగిపోతుంది, చేతి గుర్తు పోతుంది. ఒకసారి గీకిన పొర మళ్లీ రాదు.

పాత వస్తువులను కాపాడేవారు మరోలా చేస్తారు. ముందు అన్ని వైపులా ఫోటోలు తీసి, గుర్తులన్నీ రాసుకుంటారు. ఇనుము మీద గట్టిగా అంటుకున్న నల్లటి, గోధుమరంగు పొరను ముట్టుకోరు. పొడిగా రాలే ఎర్రతుప్పును మాత్రం మెల్లగా తీస్తారు. కట్టె మీది దుమ్మును మెత్తటి కుంచెతో దులుపుతారు. అవసరమైతే పలుచగా మైనం రాసి, తేమ తగలని చోట పెడతారు.

యువతకు ఒక హెచ్చరిక. పాత భర్మారు ఎక్కడైనా కనబడితే తుడవడానికి కూడా చేయి వేయొద్దు. లోపల కూరిన మందు ఇంకా ఉండొచ్చు. 1959 ఆయుధాల చట్టం కూడా ఉంది. పోలీసులకు చెప్పండి. దాన్ని కరిగించకుండా మ్యూజియానికి ఇవ్వాలని ఊరంతా కలిసి అర్జీ పెట్టండి.

తోటి ఉపాధ్యాయులకు ఒక మాట. తుపాకి లేకున్నా తాత, అవ్వ ఉన్నారు. ఎవరు పట్టారు, ఎవరి మీద పట్టారు, చివరికి ఎక్కడ దాచారు అని పిల్లలతో అడిగించి, వాళ్లు చెప్పింది చెప్పినట్టే రాయించండి. ఆ మాటలకు కూడా మెరుగు పెట్టొద్దు. ఆ పిల్లవాడి ప్రశ్నకు జవాబు మన తండాల్లోనే ఉంది.